జొగాల్ చెట్టు కింద మూడు రోజులు

నబాత్‌కు డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగాయి, నాలుక మాత్రం అరగలేదు. గుబా కొండల మీది ఆ ఊళ్ళో అందరూ ఆవిణ్ణి ఖాలా అంటారు, పిన్నీ అన్నట్టు. పిలిచినంత ప్రేమగా ఆవిడ పలుకుతుందని ఎవరూ ఆశపెట్టుకోరు.

బుధవారం పొద్దున్నే పక్కింటి ఇద్రిస్ భుజాన పొడుగాటి కర్ర వేసుకుని వచ్చేసరికి, ఖాలా రేగుపండంత కాయలు కాసే జొగాల్ చెట్టు మొదట్లో పాత తివాచీ పరిచి, పక్కన టీ కాచుకునే సమవార్ రాజేసుకుని, మానుకి వీపానించి కూర్చుని ఉంది.

"లే ఖాలా. శుక్రవారం లారీ వస్తుంది, కాయ దులపాలి."

"దులుపు. నా నెత్తిన దులుపు."

ఇద్రిస్ కిందటేడు పట్నం నుంచి వచ్చి ఆ ఇల్లు కొనుక్కున్నాడు. చెట్టు రెండిళ్ళ సరిహద్దు మీద ఉంది, సగం కొమ్మలు ఇటు, సగం అటు. కాయ ఎర్రబడితే పండిందనుకుంటాడు పాపం. ఎర్రగా ఉన్న జొగాల్ కొరికితే పులుపు సంగతి సరే, ఆ వగరుకి నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. ఎరుపు ముదిరి నల్లబడ్డాకే అందులోకి తీపి దిగుతుంది. అప్పుడు దానంతటదే రాలుతుంది. ఎవరి నేల మీద రాలితే వాళ్ళది. మా కొండల్లో ఆ చెట్టు మీద కర్రెత్తినవాడు లేడు. లారీవాడికేమో గట్టి కాయే కావాలి, మెత్తటిది బాకూ చేరేలోపు చితికిపోతుందట.

"సగం చెట్టు నాది ఖాలా. నా సగం నేను కొట్టుకుంటాను."

"సగం దెబ్బ తిని ఊరుకునే చెట్టు ఎక్కడైనా ఉందిట్రా? ఇలా రా, కళ్ళున్నాయిగా." కొమ్మ వంచి చూపించింది. కాయ తొడిమ పక్కనే మిరియపు గింజంత మొగ్గ. "వచ్చే ఏటి పువ్వు ఇప్పుడే వచ్చి కూర్చుంది. మంచు కరక్కముందే పసుపుపచ్చగా పూసేది ఇదే. నీ కర్రకి కాయేదో మొగ్గేదో తెలుసా?"

"మొగ్గలు మళ్ళీ వస్తాయిలే."

"వస్తాయి, నీకు బుద్ధి వచ్చినప్పుడు."

చెట్టు పోతే ఆవిడకి చలికాలం గడవనట్టే. పండు ఉడికించి, జల్లెడ మీద రుద్ది గింజ తీసి, గుజ్జు పళ్ళేల్లో పల్చగా పోసి తాండ్ర ఎండబెడుతుంది. ఆ తాండ్ర తుంచి వేసిన గొర్రెమాంసం పులావు తిన్నవాళ్ళు వేళ్ళు నాక్కుంటూ లేస్తారు. ఎండిన పళ్ళు గుడ్డసంచిలో దాస్తుంది. ఊళ్ళో ఎవరి కడుపు జారినా, ఏ పిల్లకి ఒళ్ళు కాలినా ఆ సంచి ముడి విప్పాల్సిందే. గింజలు కూడా పారెయ్యదు. వేయించి, దంచి, కాఫీలా కాచి చక్కెర జబ్బున్న ముల్లాగారి భార్యకి పోస్తుంది. తగ్గుతుందో లేదో గానీ ఆ ఇల్లాలు ఒక్కపూట మానలేదు.

"పోయిన చలికాలం మూడు రోజులు గోడ పట్టుకుని దొడ్డికి నడిచావే," అంది ఖాలా, "ఏం తాగి లేచావు? లారీవాడి చెమటా?"

ఇద్రిస్ మొహం జొగాల్ కన్నా ఎర్రబడింది. కర్ర ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

గురువారం కూడా ఆవిడ కదల్లేదు. మధ్యాహ్నం ఇద్రిస్ భార్య సుదాబా శాలువా చాటున వేడి చారు గిన్నె తెచ్చింది.

"ఆయన మొండివాడు ఖాలా."

"నువ్వు కట్టుకున్నావు, నేను కట్టుకోలేదు. నేనెందుకు భరించాలి?" అని చారు తాగి, "ఉప్పు చాల్లేదు," అని గిన్నె తిరిగిచ్చింది.

శుక్రవారం లారీ వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టింది. అది విన్నాక ఇద్రిస్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. పరుగున వచ్చి కర్ర పైకెత్తాడు.

"ఆ కర్ర ఎక్కడిదిరా నీకు?" ఖాలా లేవలేదు, గొంతు మాత్రం లేచింది.

"గోడకి ఆనించి ఉంది. ఇంటితో పాటు వచ్చింది."

"ఈ చెట్టు కొమ్మే అది. మా ఆయన మెహ్రాలీ నరికి, చెక్కి, గొర్రెలు తోలుకోమని నీ ముందటివాడికిచ్చాడు. కొడుకు చేత తల్లిని కొట్టిస్తావా? కొట్టు. ముందు నన్ను దాటి కొట్టు."

కర్ర గాల్లోనే ఆగింది. ఇంతలో సుదాబా చేతికంటిన పిండి కూడా దులుపుకోకుండా వచ్చి ఖాలా పక్కన తివాచీ మీద చతికిలబడింది.

"నువ్వు లే!"

"లేవను. ఇంట్లో జబ్బొస్తే గిన్నె పట్టుకుని ఈవిడ గడప తొక్కేది నేను. నువ్వు కాదు."

లారీవాడు కిటికీలోంచి చూసి పగలబడి నవ్వాడు. "అన్నా, ఇద్దరు ఆడవాళ్ళని దులిపేలోపు నాకు చీకటి పడుతుంది," అని బండి తిప్పుకుని పోయాడు. ఇద్రిస్ కర్ర అక్కడే విసిరేసి ఇంట్లోకి పోయాడు.

ఆదివారం కొండగాలి తిరిగింది. పళ్ళు నల్లగా, మెత్తగా టపటపా రాలడం మొదలుపెట్టాయి. ఖాలా తన వైపు దుప్పట్లు పరిచింది. అవతల మట్టిలో పడుతున్నవాటిని ఇద్రిస్ వంగి ఒక్కొక్కటే ఏరుతున్నాడు. ఖాలా ఓ దుప్పటి చుట్టి వాడి మీదకి విసిరింది.

"పరుచుకో. మన్ను కూడా తాండ్ర పోస్తావా ఏం?"

వాడు పరిచాడు. ఓ పండు నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు గింజ చప్పరిస్తూనే ఉన్నాడు.

"ఖాలా, నా కర్ర?"

నేలకి వంగిన పెద్ద కొమ్మ కింద ఆ కర్ర ఊతంగా నిలబడి ఉంది.

"తల్లిని మోస్తోంది," అంది ఖాలా. "ఇవ్వను, పో."