తేదీ చూసి తుడిచేసిన వీడియో

మార్చి, శుక్రవారం. ఒంటిపూట బడి.
కంప్యూటర్ గదిలో ఉన్నవారు: నేను, లెక్కల టీచరమ్మ, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఇద్దరు.

డైరీలో పేజీ పైన ఇంతవరకు రాశాను. కింద రాయడానికి శనివారం సాయంత్రం దాకా చేయి రాలేదు.

నేను దుమ్ముగూడెంలో ఆఫీసు గుమాస్తాగా రిటైరైనవాణ్ని. పర్ణశాల దారిలో ఉన్న ఈ బడికి కంప్యూటర్ టీచర్ లేడని, టైపు తెలుసు కదా అని పిలిస్తే వారానికి రెండు రోజులు వెళ్తున్నాను. మూడేళ్ళయింది. మోకాళ్ళు ఇక చాలంటున్నాయి. పిల్లలు నన్ను తాతసార్ అంటారు. ఆరు కంప్యూటర్లలో పనిచేసేవి రెండు. ఒకదాని ముందు నేను కూర్చుంటాను, రెండోది పిల్లలది.

ఆ ఇద్దరిలో సన్నగా ఉండే పిల్ల, వాళ్ళ అవ్వ అడవిలోని చేదు దుంపలు ఎట్లా వండుతుందో బడి ట్యాబ్‌తో వీడియో తీసింది. తవ్వడం, తరగడం, బూడిద పూయడం, బుట్టలో కట్టి రెండు రాత్రులు వాగు నీళ్ళలో ఉంచడం, ఉడకబెట్టడం. ఏ పని తప్పినా ఆ దుంప విషమై మనిషిని పడేస్తుంది. అవ్వ కోయలో చెప్తుంటే, పిల్ల కింద తెలుగు అక్షరాలు వేసింది, ఒక్కొక్కటి కీబోర్డు మీద వెతుక్కుంటూ. ముక్కలన్నీ పిల్లల కంప్యూటర్‌లోకి ఎక్కించి, కలిపి ఒక వీడియో చేసి, చోటు చాలక విడి ముక్కలు రెండు చోట్లా తీసేసింది. శనివారం పది గంటలలోపు అది భద్రాచలంలో పోటీకి ఇవ్వాలి. గెలిస్తే ఖమ్మంలో వారం రోజులు వీడియో పని నేర్పుతారు.

"బట్టల సంచి అప్పుడే సర్దింది తాతసార్," అని జతపిల్ల నవ్వింది.

"నీకేందే, నీ సంచి మోయమన్ననా?"

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామంటే ఆ కంప్యూటర్ కదలడం లేదు. "నిండిపోయింది సార్, పాతవి తీసేయండి," అని చెప్పి టీచరమ్మ భోజనాలు వడ్డించడానికి వెళ్ళింది. పిల్లలూ వెళ్ళారు. నేను ఫైళ్ళన్నీ తేదీ వరుసలో పెట్టాను. పన్నెండేళ్ళ కిందటి తేదీ ఉన్నవి చాలా కనిపించాయి. అన్నీ తుడిచేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. పని సగంలో వదిలే అలవాటు నాకు లేదు.

పిల్లలు తడి చేతులతో వచ్చారు.

"మా వీడియో ఏది తాతసార్?"

"నేను పాతవే తీసిన. పన్నెండేళ్ళ కిందటివి."

"ఈ కంప్యూటర్‌ల తేది ఎప్పుడూ గంతే. లోపల బ్యాటరీ పోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వెనక్కి పోతది." సన్నగా ఉండే పిల్ల మౌస్ పట్టుకుని వెతుకుతూ అంది, "అందరికీ తెలుసు."

టీచరమ్మ భద్రాచలంలో రిపేరు చేసేవాడికి ఫోన్ చేసింది. తెచ్చిస్తే చూస్తాడట, రెండు రోజులు పడుతుందట. పిల్ల ఏడవలేదు. ఆ కుర్చీలోనే కూర్చుని ఖాళీ తెరను కిందికీ పైకీ జరుపుతూ ఉండిపోయింది. ఒక్క మాట తిట్టినా నాకు తేలికయ్యేది.

వీడియో మళ్ళీ తీద్దామని మర్నాడు పొద్దున ఆరింటికి ఆటోలో వాళ్ళ ఊరికి వెళ్ళాను. టీచరమ్మ స్కూటర్ మీద ట్యాబ్ తెచ్చింది. ఇంటి వెనక చెట్టు కింద అవ్వ ఇప్పపూలు ఏరుతోంది. పశువులు రాకముందే ఆ పని కావాలి. మళ్ళీ చెప్పమంటే తల ఎత్తలేదు. అందరం వంగి ఏరాం. నా నడుము రెండుసార్లు పట్టేసింది.

గంప నిండాక అవ్వ అడిగింది, "మొత్తం ఎవరు తుడిచిండ్రు?"

"కరెంటు పోయిందే అవ్వా," అంది పిల్ల.

"నేనే తుడిచిన," అన్నాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసి కోయలో ఏదో అంది. జతపిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నీతోని దుంపలు కడిగియ్యొద్దంట తాతసార్. ఊరంతా పడిపోతరంట."

దుంపలు లేవు. అవ్వ ఉత్త చేతులతోనే తరిగినట్టు, బుట్ట కట్టినట్టు చూపిస్తూ చెప్పింది. పిల్ల తీసిన వీడియో రెండు నిమిషాలు వచ్చింది. తెలుగు అక్షరాలు వేయడానికి టైము లేదు.

"నేను చెప్త, నువ్వు కాగితం మీద రాయి," అంది పిల్ల. మోకాలి మీద పెట్టుకుని రెండు పేజీలు రాశాను. ఆ పిల్ల జల్దీ జల్దీ చెప్పింది, నా అక్షరాలు వంకరపోయాయి. తొమ్మిదింటికి టీచరమ్మ ట్యాబూ కాగితాలూ సంచిలో పెట్టుకుని బయలుదేరింది.

స్కూటర్ రోడ్డెక్కాక పిల్ల నావైపు తిరిగింది.

"తరిగినంక ముక్కలకు బూడిద పూస్తరు. అది రాసినమా?"

రాయలేదు.