అవ్వ మొక్కూ, నేను బిగించిన మూతా

ఆ రోజుల్లో నేను ఒకటి అనుకున్నానంటే అది జరిగి తీరాల్సిందే. ఆలోచన సంగతి తర్వాత. కోస్తా నుంచి వచ్చి పాతబస్తీ గౌలిపురలో ఒక అవ్వ ఇంట్లో అద్దెకు దిగి, పరీక్ష తప్పిన ప్రతిసారీ పళ్లు బిగించి మళ్లీ రాసి, చివరికి ఆఫీసులో కుర్చీ సంపాదించుకున్నదాన్ని. ఆ మాత్రం పొగరు ఉండదా? (మా అమ్మ దాన్ని మొండితనం అనేది.)

ఆ ఏడాది బోనాల ఆదివారం పొద్దున్నే అవ్వ మోకాళ్లు పట్టుకుని గడపలో కూలబడింది. ఏటా ఇంటికి కల్లు తెచ్చే తాత చెట్టెక్కడం మానేశాడట. తాటిచెట్టు ఎల్లమ్మ తల్లిదనీ, కొత్తగా గీసిన చెట్టు తొలి కల్లు ఆమెకే చెందాలనీ అవ్వ నమ్మకం. బోనం ముందు శాకగా ధార పోయడానికి ఆ కల్లే కావాలి.

"పోయినేడు మొక్కిన బిడ్డా. తీర్చకుంటె తల్లి ఊకుంటదా? దుకాణంల కల్లు పోస్తె మొఖం తిప్పుకుంటది" అని కళ్లు తుడుచుకుంది. ఏం మొక్కిందో చెప్పలేదు. మోకాళ్ల కోసమే అయ్యుంటుందనుకున్నాను.

"మీరు ఫికర్ చెయ్యకండి అవ్వా, నేను తెస్తాను" అనేశాను.

"నువ్వా! మీ అమ్మకు తెలిస్తె నన్ను బతకనిస్తదా?"

(మా ఇంట్లో కల్లు అనే మాట కూడా గొంతు తగ్గించి పలికేవారు.)

స్టీలు క్యాను పట్టుకుని చాంద్రాయణగుట్ట దాటి, దారి అడుగుతూ అడుగుతూ తాటివనం చేరాను. కల్లు గీసే అన్న చెట్టుకు దండం పెట్టుకుంటున్నాడు. హుషారుగా ఒక అడుగు ముందుకు వేశానో లేదో, "అక్కా, మోకు దాటకు!" అని గావుకేక పెట్టాడు. చెట్టెక్కే తాడును ఎవరూ దాటకూడదట. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి కొంగలా నిలబడ్డాను. చెట్టెక్కి దిగివచ్చాక క్యాను నింపి, మూతికి తాటాకు కుక్కి ఇచ్చాడు. "తల్లికి పోయే కల్లు. కింద పెట్టకు, రుచి గిట్ల చూడకు."

ఆటోలో క్యానును ఒళ్లో పెట్టుకున్నాను. గుంట వచ్చినప్పుడల్లా తాటాకు సందులోంచి నురగ చిందుతోంది. అవ్వ కన్నీళ్లు గుర్తొచ్చి, ఒక్క చుక్క కూడా పోనివ్వను అనుకుని ఆకు పీకి పారేసి, క్యాను మూతను బలం కొద్దీ బిగించేశాను. ఎండ మండిపోతోంది, లోపల కల్లు పులిసి పొంగుతోందని నాకేం తెలుసు?

"బేటీ, క్యా లేకే జా రై?" అన్నాడు ఆటో చాచా ముక్కు ఎగబీలుస్తూ.

"తీర్థం చాచా."

ఫ్లైఓవర్ దగ్గర ఢామ్మని మూత ఎగిరి ఆటో పైకప్పుకు తగిలింది. ఆ వెనకే కల్లు! నా తల, నా కళ్లద్దాలు, బోనాలకని కట్టుకున్న పట్టుచీర, అన్నిటికీ అభిషేకం జరిగిపోయింది. చాచా ఆటో ఆపి వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా "ఆప్కా తీర్థం బహుత్ గుస్సే వాలా హై బేటీ" అన్నాడు. (నా తీర్థానికి కోపం జాస్తి అట.) నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ మొక్కని చెప్పాను. ఆయన ఇంకేమీ అనకుండా, మిగిలిన కాస్తా ఒలకకుండా గుంట గుంటనూ తప్పిస్తూ ఇల్లు చేర్చాడు.

సందులో డప్పులు మోగుతున్నాయి. కల్లు కంపుతో, అడుగున కాసిన్ని చుక్కలున్న క్యానుతో అవ్వ ముందు నిలబడ్డాను. "మీ మోకాళ్ల మొక్కు పాడుచేశాను అవ్వా" అన్నాను వెక్కుతూ.

"నా మోకాళ్లకు మొక్కుడేంది పిచ్చిదానా! నీ కొలువు కోసం మొక్కిన. పరీక్ష పోయినప్పుడల్లా తలుపేసుకుని ఏడుస్తుంటివి, నా కడుపు కాలిపాయె."

అవ్వ ఆ కాసిన్ని చుక్కలనూ బోనం ముందు పోసి, నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "మస్తు పోసినవ్ తియ్. తల్లి నీ ఒంటి మీదికెళ్లే తాగింది."

ఇప్పుడు అవ్వ లేకపోయినా ప్రతి బోనాలకూ ఆ వనానికి వెళ్తాను. మూతికి కుక్కిన తాటాకు ముట్టుకోను, చిందితే చిందనిస్తాను. ఆటోవాళ్లు ముక్కు ఎగబీలిస్తే మాత్రం తీర్థమని అబద్ధమాడను. "కల్లు భాయ్. మా అవ్వ మొక్కు" అంటాను, మా అమ్మకు వినిపించేంత గట్టిగా.