కాకుల కనుమ మీదుగా సెమీఫైనల్‌కి

మా రుదావాలో ఆ ఏడాది మా జట్టు ఓడిపోవాలని కోరుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను మా బస్సు డ్రైవరు హిల్మో.

రుదావా అంటే ఉక్కు ఫ్యాక్టరీ, దాని పొగ, ఆ పొగ కింద బతికే మేము. జట్టు కూడా ఫ్యాక్టరీదే. నేను ఎడమవైపు డిఫెండర్ని. పొద్దున మిల్లులో ఎర్రటి కడ్డీలు లాగేవాణ్ని, మధ్యాహ్నం బంతి వెనక పరిగెత్తేవాణ్ని. అలాంటి జట్టు యుగోస్లావియా కప్పు గెలిచి యూరప్ కప్పుకి ఎక్కింది. అక్కడ ప్రతి జట్టుతో రెండు ఆటలు: ఒకటి వాళ్ల ఊళ్లో, ఒకటి మన ఊళ్లో. రెండూ కలిపి ఎక్కువ గోల్స్ ఎవరివైతే వాళ్లు ముందుకు, మిగతావాళ్లు ఇంటికి. విమానాలెక్కే స్తోమత మాకు లేదు. ఎంత దూరమైనా హిల్మో బస్సే.

హిల్మోకి అప్పటికి యాభై దాటాయి. తెల్లబడ్డ మీసం, పారల్లాంటి చేతులు. బస్సులో అతని పక్కన ఒంటిసీటు ఒకటుండేది. దాని మీద ఎప్పుడూ తన టోపీ పెట్టేవాడు. ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. అది బ్రాంకో సీటు. బ్రాంకో మా జట్టు బూట్లు, బట్టలు, బంతులు చూసుకునేవాడు. హిల్మోకి ప్రాణస్నేహితుడు. ఆరేళ్ల కిందట ఫిబ్రవరిలో కాకుల కనుమ మీద బస్సు మంచులో జారి లోయవైపు పడినప్పుడు పోయాడు. మేమంతా సముద్రతీరంలో శిక్షణ శిబిరానికి ముందే రైల్లో వెళ్లాం. సామానుతో బస్సులో వచ్చింది వాళ్లిద్దరే. హిల్మో భుజం ఎముక విరిగి బయటపడ్డాడు. రోడ్డుమీద మంచు గడ్డకట్టింది, ఎవరి తప్పూ లేదు అని విచారణలో తేల్చి, బస్సుని బాగుచేసి మళ్లీ హిల్మోకే ఇచ్చారు. ఆ తర్వాత సముద్రతీరం జట్లతో ఆటలున్నప్పుడల్లా మేం చుట్టూ తిరిగి రైల్లోనే పోయేవాళ్లం. హిల్మో ఆ కనుమ మళ్లీ ఎక్కలేదు.

ఆటగాళ్లకి ప్రతిదీ శకునమే. ఆ సీటు ఖాళీగా ఉండటం మొదలయ్యాకే మేం గెలవడం మొదలుపెట్టామని ఎవడో కనిపెట్టాడు. ఇక కోచ్ ఫెర్డో దాన్ని చట్టం చేసేశాడు.

"ఆ టోపీ జరిపినవాడి కాళ్లు విరగ్గొడతా," అనేవాడు. "అక్కడ మన అదృష్టం కూర్చుంది."

హిల్మో అద్దంలోంచి మమ్మల్ని చూసి గేరు మార్చేవాడు.

మొదటి రౌండులో గ్రీకు జట్టు తగిలింది. దక్షిణం రోడ్డు, ఎండ, దారిపొడవునా పుచ్చకాయలు. గెలిచాం. రెండోది హంగరీ జట్టు. మైదానాల మీదుగా రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. అక్కడ ఓడి, ఇంటికొచ్చి మూడు గోల్స్ కొట్టి గెలిచాం. పేపర్లో మా పేర్లు పడ్డాయి. మా గోల్‌కీపర్ తల్లి ఆ పేపరు ముక్కని మేరీమాత పటంలా గోడకి అంటించిందని మా క్యాంటీన్లో నవ్వుకున్నాం.

ఆ నవ్వుల్లో హిల్మో లేడు. గెలిచిన కొద్దీ అతను చిక్కిపోతున్నాడు. ఎందుకో మాకు తెలీదు. తర్వాతెప్పుడో అతనే నాకు చెప్పాడు: "ఎవరితో ఎవరు ఆడాలో ప్రతిసారీ చీటీలు తీస్తారు కదా వెల్యో. ఇటలీవాడో స్పెయిన్‌వాడో తగిలాడా, ఓడ ఎక్కాలి. ఓడంటే స్ప్లిట్ రేవు. రేవంటే కనుమ. మీరు గెలిచిన ప్రతిసారీ ఆ మలుపు నాకింకాస్త దగ్గరికొచ్చినట్టుండేది."

మార్చిలో క్వార్టర్ ఫైనల్, ఆస్ట్రియా జట్టుతో. అక్కడ సమానంగా ఆడి వచ్చాం. ఇక్కడ ఆటకి ఫ్యాక్టరీ రెండో షిఫ్టు ఆపేశారు. జనం గోడలెక్కారు, చిమ్నీ నిచ్చెనలు పట్టుకుని వేలాడారు. హిల్మో మాత్రం స్టాండు వెనక బస్సులో తలుపులేసుకుని కూర్చున్నాడు. చెవులు మూసుకున్నాడట. ఓడిపోవాలని అల్లాని వేడుకున్నాడట. ఎనభై మూడో నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతి నా మోకాలికి తగిలి లోపలికి పోయింది. నా జీవితంలో నేను కొట్టిన ఒకే ఒక్క యూరప్ గోలు అది, అదీ కావాలని కొట్టింది కాదు. స్టాండు అదిరి, బస్సు కిటికీలు గలగలమన్నాయట.

మర్నాడు భోజనాలవేళ చీటీల సంగతి రేడియోలో చెప్పారు. ఇటలీ! క్యాంటీన్లో గరిటెలూ ప్లేట్లూ మోగిపోయాయి. హిల్మో లేచి వంటగది వెనక్కి వెళ్లి, తిన్నదంతా కక్కుకున్నాడు. అతని వెనకే నీళ్ల చెంబు తీసుకుని వెళ్లింది స్తానా.

స్తానా బ్రాంకో భార్య. అతను పోయాక ఫ్యాక్టరీ ఆమెకి మా క్యాంటీన్లో పనిచ్చింది. బీన్స్ సూపు ఆమె చేస్తే గిన్నె నాకేవాళ్లం. హిల్మో ఆమెని వదినా అనేవాడు. ఏటా చలికాలం ముందు ఆమె ఇంటికి కట్టెలు తెచ్చి, తనే కొట్టి, వసారాలో పేర్చి వెళ్లేవాడు. కాఫీ ఇస్తే నిలబడే తాగేవాడు.

హిల్మో ఫెర్డో దగ్గరికెళ్లి సెలవడిగాడు.

"పిచ్చా నీకు? నువ్వూ నీ ఖాళీ సీటూ లేకుండా సెమీఫైనల్‌కి పోతామా?" అన్నాడు ఫెర్డో.

"రైల్లో పోండి."

"రైల్లో పోతే ఓడ అందదు. ఆరేళ్లయింది హిల్మో. రోడ్డు వెడల్పు చేశారు. అప్పటికి ఏప్రిల్ వస్తుంది, మంచు కరిగిపోతుంది."

బయల్దేరే పొద్దున హిల్మో ఇంజన్లో ఏదో చప్పుడొస్తోందన్నాడు. మెకానిక్ బోల్టు బోల్టూ చూసి, "ఇది నా పెళ్లాం కంటే ఆరోగ్యంగా ఉంది," అని మూత వేశాడు.

అందరం ఎక్కాం. విలేకర్లు, ఫ్యాక్టరీ పెద్దలు, అందరికీ ఇటలీ చూడాలని. ఆఖర్న స్తానా వచ్చింది, చేతిలో చిన్న పెట్టె. ఇటలీ తిండి పడక మా కడుపులు చెడిపోతాయని ఫ్యాక్టరీ డైరెక్టరే ఆమెని వంటకి పంపుతున్నాడు. బస్సంతా చూసింది. ఎక్కడా చోటు లేదు. ముందుకెళ్లి, టోపీ తీసి, హిల్మో చేతికిచ్చి, బ్రాంకో సీట్లో కూర్చుంది.

ఫెర్డో నోరు తెరిచాడు. ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి మూసేశాడు.

"పోనివ్వు హిల్మో," అంది స్తానా.

కనుమ ఎక్కేటప్పుడు పాటలు ఆగిపోయాయి. పైన మంచు ఇంకా కరగలేదు. రోడ్డుకి రెండువైపులా తెల్లటి గోడలు, మధ్యలో తడిగా మెరిసే నల్లటి దారి. అద్దంలో హిల్మో మొహం చూశాను. ఎవరో ఏదో అడుగుతుంటే వినకూడదనుకునే మనిషి మొహంలా ఉంది. రెండుసార్లు తల పక్కకి తిప్పి, "ఊఁ" అన్నాడు. స్తానా ఏమీ మాట్లాడలేదు. నేను చూస్తూనే ఉన్నాను, ఆమె పెదవి కదల్లేదు.

పై మలుపు దగ్గర మంచుపెళ్లలు జారి రోడ్డుకి అడ్డం పడ్డాయి. కూలీలు పారలతో తీస్తున్నారు. గంట పడుతుందన్నారు. కుర్రాళ్లంతా దిగి మంచు ముద్దలు విసురుకోవడం మొదలుపెట్టారు. పెద్దలు సిగరెట్లకి దిగారు. నాకు చీలమండ వాచి ఉంది, మూడో వరుసలో కాళ్లు చాపుకుని కళ్లు మూసుకున్నాను. బస్సులో నేనున్నానన్న సంగతి హిల్మో, స్తానా మర్చిపోయారు. లేదా హిల్మో ఇక ఏదీ పట్టించుకునే స్థితిలో లేడు.

"ఇక్కడేనా?" అంది స్తానా.

"ఆ స్తంభం పక్కన."

అద్దం మీద వైపర్ ఇంకా తిరుగుతూనే ఉంది. వాన లేదు. దాన్ని ఆపడం మర్చిపోయాడు.

"ఇందాకట్నించి ఎవరికి ఊఁ కొడుతున్నావు?"

హిల్మో స్టీరింగ్ మీద నుదురానించాడు. "వాడికే వదినా. ఈ బస్సెక్కిన ప్రతిసారీ అడుగుతాడు. 'ఇంకాస్త పెంచు హిల్మో, వినబడి చావట్లేదు' అని."

"ఏది పెంచాలి?"

"రేడియో. ఆ రోజు మ్యాచ్ వస్తోంది. కొండలడ్డం పడి గరగరమంటోంది. వాడు పెంచమన్నాడు. నేను పెంచాను. మలుపులో చెయ్యి తీసి పెంచాను వదినా. మంచు కాదు. నా చెయ్యి."

స్తానా ఆ స్తంభం వైపు తిరిగింది.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాడు. "వెంటనే పోయాడని చెప్పాను నీకు. అబద్ధం. నలభై నిమిషాలు బతికే ఉన్నాడు. సామాను కింద నడుము దాకా ఇరుక్కున్నాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. రేడియో కూడా ఆగలేదు, అదీ మోగుతూనే ఉంది. మలుపు తిరిగితే రోడ్డు కూలీల గుడిసె ఉందని నాకు తెలుసు. వెళ్తానన్నాను. నన్ను వదిలి పోవద్దురా అని నా కోటు పట్టుకున్నాడు. ఆ వేళ్లు విడిపించుకుని పోయుంటే... ఏమో. పోలేదు నేను. కూర్చుండిపోయాను."

"నా మాట ఏమైనా అన్నాడా?"

హిల్మో స్టీరింగ్ మీంచి తలెత్తాడు. ఏ అబద్ధమైనా అప్పుడు చెల్లేది. చెప్పగలిగేవాడు కూడా.

"లేదు వదినా. చలేస్తోందన్నాడు. స్కోరు అడిగాడు. వాళ్లమ్మని పిలిచాడు."

బయట మా వాళ్లు ఎవరినో మంచులో పూడ్చిపెట్టి నవ్వుతున్నారు. స్తానా ఆ స్తంభం వైపే చూస్తూ కూర్చుంది. చివరికి అంది: "ఏటా కట్టెలు తెచ్చి కొట్టిపెడుతుంటే, ఎంత మంచి స్నేహితుణ్ని సంపాదించుకున్నాడు నా మొగుడు అని పొంగిపోయేదాన్ని. ఇక తేవద్దు."

అంతే. అరవలేదు, ఏడవలేదు. కిందికి దిగనూ లేదు. కూలీలు దారి ఇచ్చాక, అదే సీట్లో స్ప్లిట్ దాకా వచ్చింది.

ఓడలో మాకు వాంతులు. ఇటలీలో రెండు గోల్స్ తేడాతో ఓడాం. సీటు మీది టోపీ తీయబట్టే అని ఫెర్డో గొణిగాడు గాని, స్తానా వినేలా అనడానికి ధైర్యం చాలలేదు. వాళ్ల ఫార్వర్డ్ ఆటగాడు నన్ను దాటుకుని పోయిన తీరు ఇప్పటికీ నా కాళ్లకి గుర్తుంది. తిరిగొచ్చేటప్పుడు స్తానా బస్సెక్కలేదు. స్ప్లిట్‌లో రైలెక్కి, చుట్టూ తిరిగి, మాకన్నా ఒక రోజు ఆలస్యంగా ఇల్లు చేరింది. రెండువారాలకి మా ఊళ్లో జరిగిన ఆట సమానంగా ముగిసింది. యూరప్ అక్కడితో సరి. ఊరంతా వీధుల్లో నిలబడి ఏడ్చింది. మైదానం ఖాళీ అయ్యాక హిల్మో బస్సు కడుగుతూ కనిపించాడు.

"ఓడిపోయాం అన్నా," అన్నాను.

"చూశాను," అన్నాడు. "ఈసారి లోపలికొచ్చే చూశాను. గెలుస్తారేమో అనుకున్నాను వెల్యో. గెలవాలనే అనుకున్నాను."

ఆ చలికాలం స్తానా తన కట్టెలు తనే కొట్టుకుంది. క్యాంటీన్లో హిల్మోకి సూపు పోసేది, అందరికీ పోసినట్టే. మాట మాత్రం లేదు. ఆమె పోలీసులకి చెప్పలేదు, డైరెక్టరుకి చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. నేను విన్నానని మాత్రం రెండేళ్లకి హిల్మోకి చెప్పుకున్నాను. అతను తలూపి, మిగతాదంతా అప్పుడు చెప్పాడు.

ఆ తర్వాతి వసంతంలో హిల్మో జట్టు బస్సు వదిలేశాడు. పింఛనుకి ఇంకా నాలుగేళ్లుంది. అయినా రోడ్ల శాఖలో కూలీగా చేరి, కాకుల కనుమ మీది గుడిసెకి వెళ్లిపోయాడు. అక్కడ శీతాకాలం ఉండటానికి ఎవరూ ఒప్పుకోరు. ఇతను అడిగి మరీ తీసుకున్నాడు. భార్య మొదట గొడవపడింది, తర్వాత వారానికోసారి రొట్టెలు పంపడం మొదలుపెట్టింది. అతను తొమ్మిది చలికాలాలున్నాడు అక్కడ. మంచులో ఇరుక్కున్న లారీ డ్రైవర్లని, ఒకసారి పురిటినొప్పులతో ఉన్న ఒక అమ్మాయిని గుడిసెకి చేర్చి కాపాడాడని చెప్పుకుంటారు.

ఒక జనవరిలో చూడ్డానికి వెళ్లాను. పొయ్యి మీద కాఫీ పెట్టాడు. కబుర్లు చెబుతూనే ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

"బండి."

నాకేమీ వినబడలేదు. అతను అప్పటికే కోటు తగిలించుకుని, పార భుజాన వేసుకున్నాడు. వెనకే వెళ్లాను. పట్టపగలు. మంచు పడుతోంది, గాలి కూడా లేదు. మలుపు దాకా నడిచి, ఆ స్తంభం దగ్గర ఆగి, లోయలోకి వంగి చూశాడు. చెవి అటే పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. రోడ్డు మీద మా అడుగులు తప్ప ఇంకే గుర్తూ లేదు.

"లేదు," అని తిరిగొచ్చాడు.

గుడిసెకొచ్చేసరికి కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది. మళ్లీ అంటిస్తూ కూర్చున్నాడు.

"రోజుకెన్నిసార్లు ఇలా?" అన్నాను.

"మంచు పడని రోజుల్లో తక్కువే," అన్నాడు హిల్మో.