మా హాల్లో ఆడని ముక్క

ఆపరేటర్ బాబాయిగారు పోయారని మంగళవారం పొద్దున్న అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "మీ బాబాయిగారు లేరే" అంది. కాకినాడ నుంచి రామచంద్రపురం వెళ్ళేదాకా బస్సులో నాకు ఒక్క సినిమానే గుర్తొస్తూ ఉంది.

ఆయన మాకు చుట్టం కాదు. మా ఊరి సినిమా హాల్లో బొమ్మ వేసేవారు. అమ్మ అక్కడే ఆడవాళ్ళ తలుపు దగ్గర టికెట్లు చింపేది. మిషను రొదలో చెవులు మొద్దుబారిపోయి, ఆయన పరామర్శ కూడా కేకలాగే ఉండేది. రీళ్ళని మాత్రం పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు పాత పంచెగుడ్డతో తుడిచేవారు.

నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్నని ఎవరో చంపి కాలవలో పడేశారు. మండపేట మిల్లులో పనికి వెళ్ళిన మనిషి మూడోరోజు లాకుల దగ్గర తేలాడు. పోలీసులు కొన్నాళ్ళు తిరిగి మానేశారు. చంపిందెవరో ఈరోజుకీ తెలీదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

మరుసటేడు ఆ క్రైమ్ థ్రిల్లర్ వచ్చింది. అందులో హీరో అన్నని కాలవగట్టు మీద తువ్వాలుతో గొంతు బిగించి, నీళ్ళలోకి తోసేస్తారు. ముందురోజు ప్రింటు వేసి చూసుకున్న బాబాయిగారు ఆ ముక్క కత్తిరించి, మిగతాది అతికించేశారు. గట్టు మీద నిలబడ్డ మనిషి మరుక్షణం శవమైతే జనం ఊరుకుంటారా? "ఏంటండీ, రీలు మింగేశారా?" అని అరిచేవారు. "పాత ప్రింటండి, తెగిపోయింది" అనేవారాయన. నిన్నగాక మొన్న విడుదలైన సినిమాకి పాత ప్రింటేమిటో ఆయనకే తెలియాలి.

మొదట్లో ఆ సినిమాలో హంతకుడు తప్పించుకుపోతాడు. జనానికి నచ్చలేదని రెండోవారం కొత్త ఆఖరి రీలు పంపారు. ఆరోజు బాబాయిగారు మెట్లు దిగొచ్చి అమ్మతో, "ఇది కూర్చుని చూడమ్మా. వాడు దొరికాడు" అన్నారు. అమ్మ కూర్చుని చూసింది.

సినిమా వెళ్ళిపోయాక కత్తిరింపు బయటపడి, మేనేజరుగారు నెల్లాళ్ళు ఆయన్ని మిషను గది ఎక్కనివ్వలేదు. ఎందుకు చేశారని అడిగాను. "మీ అమ్మ మూడాటలూ ఆ తలుపు దగ్గరే కదమ్మా ఉండేది. బొమ్మ మన చేతిలో ఉంది కాబట్టి ఆపాం. మిగతావి ఆపలేకపోయాం కదా" అన్నారు.

దహనం అయ్యాక ఆయన భార్య ఒక రేకుడబ్బా తెచ్చి అమ్మ ముందు పెట్టారు. లోపల చిన్న ఫిల్ము చుట్ట.

"పారేస్తానంటూనే దాచారు. నీ కంటపడకూడదనేవారు. ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?"

"నేను చూశానండీ" అంది అమ్మ. "మొదటివారమే పొద్దుటాటకి మండపేట వెళ్ళి చూశాను. మా ఆయన ఎలా పోయారో చెప్పినవాళ్ళు లేరు. అందులోనైనా చూద్దామని వెళ్ళాను. అక్కడ వాడు దొరకలేదు."

"మరి బాబాయిగారికి చెప్పలేదేం?" అన్నాను.

"ఎలా చెప్పనే? ఉద్యోగం పోతుందని తెలిసీ దాచారు కదా."

ఆమాటతో నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ఏడవలేదు. చుట్ట కొస విప్పి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. ఆమె వేళ్ళ మధ్య బెత్తెడు ఫిల్ము. దాని ప్రతి గడిలోనూ కాలవగట్టు మీద ఆ మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు.