టికెట్టుకు ముందు ప్రశ్న

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే పొద్దుటి బస్సులో కండక్టరు జకరయ్యకు టికెట్ కొట్టడం రెండో పని. మొదటి పని ప్రశ్న అడగడం. ఆ ప్రశ్న వానల గురించో, ధరల గురించో అయితే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కాకి, కప్ప, తొండ, తేలు, ఎప్పుడూ ఏదో ఒక జీవి గురించే. చిల్లర లేదంటే క్షమించేవాడు గానీ జవాబు లేదంటే క్షమించేవాడు కాదు.

"ఆళ్లగడ్డకు ఒకటి" అని ఎవరైనా చెయ్యి చాపితే చాలు.

"ఇస్తా పెద్దాయనా. కొంగ పొద్దంతా ఒంటికాలి మీద నిలబడతాది గదా, ఆ కాలికి తిమ్మిరెక్కదా?"

"నాకేం తెలుసప్పా?"

"తెలీకపోతే తెలీదు. ఏమై ఉంటాదో అనుకోవల్ల గదా. శిరివెళ్ళ మెట్ట వచ్చేలోపల అనుకోని చెప్పు."

బియ్యం బేరానికి బయలుదేరిన ఆ పెద్దాయన బేరం మరిచిపోయి కొంగ కాలి గురించి ఆలోచిస్తూ కూర్చునేవాడు. మెట్ట దగ్గర, "మనం నిద్రలో పక్క మార్చినట్టు అదీ కాలు మారుస్తాదిలేప్పా" అనేవాడు. జకరయ్య మొహం వెలిగిపోయేది. వెనక సీటాయన దానికి పూర్తి విరుద్ధంగా చెప్పినా అంతే సంతోషంగా తల ఊపేవాడు. ఆయనకు తెలిసింది పెద్దగా ఏమీ లేదు. తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రం బస్సు పట్టనంత ఉండేది.

నాగజ్యోతి టీచరు ఇప్పటికీ ఆ దారిలోనే తిరుగుతోంది. ఇప్పుడు బస్సులో ఎవరి ఫోను వాళ్ళది. కొంగ కాలి సంగతి కావాలంటే అరనిమిషంలో తెలిసిపోతుంది, ఇంకో అరనిమిషంలో మరిచిపోవచ్చు. ఆ రోజుల్లో అట్లా కాదు. నంద్యాలలో ఎక్కిన ప్రశ్న ఆళ్లగడ్డలో దిగిపోయేది కాదు. జనంతోపాటు ఇంటికి పోయి, అన్నం తిని, పడుకుని, మర్నాడు మళ్ళీ బస్సెక్కేది. ఆ బస్సును తలుచుకుంటే ఆమెకు డీజిల్ వాసనా మల్లెపూల వాసనా కలిసి తగులుతాయి. వాటితోపాటే మొదటి ఉద్యోగం ఊడిపోతుందేమోనన్న భయం కూడా గుర్తొస్తుంది.

అప్పుడామె ఆళ్లగడ్డలో ఓ ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా కొత్తగా చేరింది. చదువులో లోటు లేదు. లోటంతా గొంతులో. నలుగురు అన్నల తర్వాత పుట్టిన పిల్ల. ఆ ఇంట్లో నలుగురూ ఒకేసారి మాట్లాడేవారు కాబట్టి ఆమెకు వంతు రానేలేదు. వాడకం లేక గొంతు సన్నబడిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆమె కోరుకున్నది టీచరు కావడం ఒక్కటే. అయింది. నెల తిరక్కుండానే హెడ్‌మిస్ట్రెస్ కమలాక్షమ్మ పిలిపించింది.

"చూడమ్మా, నువ్వు చెప్పేది మొదటి బెంచీకి పాఠం. రెండో బెంచీకి గుసగుస. చివరి బెంచీకి మూకీ సినిమా. దసరా సెలవులైనాక నేనే వచ్చి చివరి బెంచీలో కూర్చుంటా. నాకు వినపడితే ఉంటావు. లేకపోతే వేరేవాళ్ళను చూసుకుంటాం."

"సరే మేడమ్" అంది నాగజ్యోతి.

"ఏందీ?" అంది కమలాక్షమ్మ.

ఇంత భయం పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కితే అక్కడ జకరయ్య. ఆయన ఉండేది వెనక తలుపు దగ్గర, ఆడవాళ్ళ సీట్లు ముందు, వాళ్ళ డబ్బులూ టికెట్లూ చేతులు మారుతూ పోయేవి, అందుకని మొదట్లో ఆయన ప్రశ్నలు ఆమె దాకా రాలేదు. వేరేవాళ్ళ మీద పడుతుంటే నవ్వుకునేది. అహోబిలం పోయే భక్తులు ఎక్కితే, "మీరు కోతులకు అరటిపండ్లు పెట్టొస్తారు గదా స్వామీ, మీరు పోని దినం అవి ఏం తింటాయి?" అనేవాడు. అంతా దేవుడే చూసుకుంటాడని వాళ్ళు చేతులు జోడించేవారు. "దేవుడు చూసుకునేదైతే మీ పండ్లెందుకు?" అనేసరికి ఒడిలోని సంచి వంక ఆలోచనగా చూసుకునేవారు.

ఓ రోజు జీపు చెడిపోయి ఒక చోటా నాయకుడు బస్సెక్కాడు. తెల్లచొక్కా, చేతికి లావుపాటి కడియం. ఆ మధ్యే పార్టీ మారాడు. ఆ సంగతి బస్సులో జకరయ్యకు తప్ప అందరికీ తెలుసు.

"అన్నా, తొండ రంగు మార్చేది భయంతోనా, తెలివితోనా?"

బస్సంతా ఊపిరి బిగబట్టింది. డ్రైవరు గఫూర్ అద్దంలోంచి చూస్తూ గేరు మార్చడం మరిచిపోయాడు. నాయకుడు మీసం దువ్వాడు, కిటికీలోంచి బయటికి చూశాడు, చివరికి "అవసరాన్నిబట్టప్పా" అన్నాడు.

"బలే చెప్పినావన్నా" అని జకరయ్య మనస్ఫూర్తిగా మెచ్చుకుని టికెట్ కొట్టాడు. ఆళ్లగడ్డ దాకా ఒక్కరూ నవ్వలేదు. బస్టాండులో దిగి, నాయకుడు మలుపు తిరిగాక పొట్టలు పట్టుకున్నారు.

ఇంకో రోజు కాలువ దగ్గర తాబేలు రోడ్డు దాటుతోందని తాడు లాగి బస్సు ఆపించాడు. తాబేలు నడిమధ్యకు వచ్చి ఆలోచనలో పడింది.

"ఎత్తి అవతల పెట్టరాదాప్పా?" అన్నాడు గఫూర్.

"పెట్టొచ్చు. అది యాడికి పోతాందో నీకు తెలుసునా? తప్పు పక్క పెడితే మళ్ళా మొదట్నుంచి నడవల్ల పాపం."

"దానికీ ఒక టికెట్ కొట్టు. ఇంత సేపు నిలబెట్టినాక ఊరికే పంపితే ఏం బాగుంటాది?"

వెనక లారీలు హారన్లు మోగిస్తుంటే తాబేలు తీరిగ్గా ఆలోచన ముగించి, దిగువకు దిగిపోయింది. ఆ రోజు నాగజ్యోతి మొదటి పీరియడుకు ఆలస్యమైంది. కారణం చెప్పింది గానీ కమలాక్షమ్మకు వినపడలేదు.

నాగజ్యోతి సైన్సు టీచరన్న సంగతి జకరయ్యకు చెప్పింది పూలమ్మే మున్నీ. పొద్దున్నే నంద్యాల మార్కెట్లో పూలు కొని, గంపతో అదే బస్సెక్కి, ఆళ్లగడ్డలో బడి గేటు దగ్గర అమ్ముకునేది. ఆమె కూతురు జబీనా నాగజ్యోతి క్లాసులోనే చదువుతోంది. ఆ మర్నాడే వెనక తలుపు నుంచి కేక వినిపించింది.

"మేడమ్! మా చిన్నప్పుడు ఎద్దు చస్తే ఊరి బయట వేసేటోళ్ళు. నల్లమల దిక్కు నుంచి రాబందులు దిగుతాండె. సాయంత్రానికి ఎముకలే మిగులుతాండె. ఇప్పుడు ఒకటన్నా కానరాదు. యాడికి పోయినాయి?"

జవాబు ఆమెకు తెలుసు. వెనక్కి తిరిగి చెప్పింది కూడా.

"ఇనపళ్ళే మేడమ్!"

పక్క సీటావిడ జాలిపడి ఆ మాటను వెనక్కి అందించింది. ఆవిడ వెనకావిడ ఇంకా వెనక్కి. సీటు సీటుకూ ఎవరి అభిప్రాయం వాళ్ళు కలుపుకుంటూ పోగా, వెనక తలుపు చేరేసరికి రాబందులు సెల్‌టవర్ల దెబ్బకు హైదరాబాదు పోయి, అక్కడ నీళ్ళు పడక చచ్చిపోయాయని తేలింది. నాగజ్యోతి నిర్ఘాంతపోయింది. కాదు కాదు అంది. ఎవరికీ వినపడలేదు.

"మధ్యలో మీరెవురూ చెప్పొద్దు" అని జకరయ్య తీర్పు చెప్పాడు. "మేడమే లేసి నిలబడి చెప్పల్ల."

లేచి, పైనున్న కమ్మీ పట్టుకుని చెప్పింది. "ఇనపళ్ళే!" మళ్ళీ చెప్పింది. "ఇనపళ్ళే!" శిరివెళ్ళ మెట్ట దగ్గర ఆమెకు ఒళ్ళు మండింది.

"నొప్పులకు మందు! పశువుకు వేస్తాం! అది చస్తే మందు ఒంట్లోనే ఉంటుంది! దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడైపోతాయి!"

బస్సు సద్దుమణిగింది. జకరయ్య టికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా, "పశువు బాధ చూడలేక వేసిన మందే గదా మేడమ్. మంచికి చేసిందే అట్లయిపాయెనే" అన్నాడు. ఆయన కళ్ళలో ఆ పక్షులు దిగిన పాత సాయంత్రాలన్నీ కదిలాయి. నాగజ్యోతికి కోపం చల్లారి, అయ్యో అనిపించింది.

ఆ జాలి మర్నాటి దాకా నిలవలేదు. పొద్దున్నే, "మేడమ్! సాలీడు తన గూట్లో తానే అంటుకోదెందుకు?" మరుసటి రోజు, "పులికి జలుబు చేస్తాదా?" ఆ తర్వాత, "గబ్బిలం తలకిందులుగా పడుకుంటే రక్తం తలకెక్కదా?" ప్రతిదానికీ కనీసం మూడు "ఇనపళ్ళే"లు. ఆమె మున్నీతో మొరపెట్టుకుంది.

"ఆ కండక్టరుకు బొత్తిగా చెవుడు."

"అవునమ్మా, పాపం" అంది మున్నీ మొహం గంభీరంగా పెట్టి.

తప్పించుకుందామని ఓ వారం తర్వాతి బస్సెక్కింది. రోజూ ఆలస్యమై, కమలాక్షమ్మ చేత చీవాట్లు తిని తిరిగొచ్చింది. మెట్టెక్కుతుండగానే, "వచ్చినారా మేడమ్! ఆ గబ్బిలం ఇంగా తలకిందులుగానే యాలాడతాంది" అన్నాడు జకరయ్య. బస్సంతా ఆమె కోసం చోటిచ్చింది. చెయ్యి దానంతటదే కమ్మీ మీదకు పోయింది.

అక్కడి నుంచి ఏమైందో ఆమెకే తెలియదు. సాయంత్రం ఇంటికి పోయి పుస్తకాలు వెతికేది. పొద్దున ఎక్కుతూనే జనం మొహాలు చూసేది. ఆమె లేచి నిలబడితే వక్క నమిలేవాళ్ళు నమలడం ఆపేవాళ్ళు. ఇంట్లో అన్నలు కూడా ఒకటి గమనించారు. అన్నం దగ్గర "ఉప్పు" అని ఈమె అంటే నలుగురూ ఉలిక్కిపడి ఉప్పు అందిస్తున్నారు. అయినా దసరా దగ్గరపడుతుంటే ఆమెకు నిద్ర పట్టలేదు. బస్సు వేరు, బడి వేరు. బస్సులో ఉద్యోగం ఊడేది కాదు.

సెలవులయ్యాయి. కమలాక్షమ్మ అన్న మాట ప్రకారం వచ్చి చివరి బెంచీలో జబీనా పక్కన కూర్చుంది. ఎవరు ఎవరిని తింటారు, ఒకరు లేకపోతే ఎవరికి కష్టం అన్న పాఠం. నాగజ్యోతి నోరు తెరిచింది. గొంతు రాలేదు. ముందు బెంచీ పిల్లలు జాలిగా చూశారు. ఆమె చూపు పిల్లల తలల మీదుగా పోయి చివరి గోడ దగ్గర ఆగింది. ఆ దూరం ఆమెకు తెలిసిన దూరమే. రోజూ దాటుతున్న దూరమే. చెయ్యి పైకి లేచి, గాల్లో లేని కమ్మీని పట్టుకుంది.

"రాబందులు యాడికి పోయినాయి?"

చివరి బెంచీ నిటారుగా లేచి కూర్చుంది. నాగజ్యోతి ఎద్దు దగ్గర మొదలుపెట్టి నల్లమల దాకా పోయింది. నక్క వచ్చింది, ఊరకుక్కలు పెరిగాయి, మందు వచ్చింది, ఆకాశం ఖాళీ అయింది. పిల్లలు అడిగిన ప్రశ్నకు అడిగినట్టు జవాబు చెప్పింది. ఊపులో ఉండి, "ఆ వెనక మెట్టు మీదున్నోళ్ళకు వినపడుతోందా?" అని కూడా అడిగేసింది.

కమలాక్షమ్మ లేచి నిలబడింది. "వినపడతాందమ్మా. కొంచెం తగ్గించు. పక్క క్లాసులో లెక్కలు ఆగిపోయినాయి."

సాయంత్రం నాగజ్యోతి గేటు దగ్గరికి ఎగురుకుంటూ పోయి, మున్నీ గంపలో ఉన్న పూలన్నీ కొనేసింది. ఉద్యోగం నిలబడిందని చెప్పింది. "అంతా ఆ చెవిటాయన పుణ్యమే" అని నవ్వింది. మున్నీ పూలు మూర వేస్తున్న చెయ్యి ఆపేసింది.

"ఆయప్పకు చెవుడా? నా గంపలో చీమ నడిస్తే ఇనపడతాదమ్మా ఆయప్పకు. వెనకాల ఎవురన్నా 'టికెట్ అడగల్యా, ఊరికుండు' అని చెవిలో చెప్పుకుంటే ముందు నుంచి వచ్చి పట్టుకుంటాడు."

"మరి రోజూ..."

"మా జబీనా ఇంట్లో ఏడ్చె. మా టీచరు మంచిది, గొంతు లేదని తీసేస్తారంట అని. నేను బస్సులో అంటి. ఆయప్ప వెనక తలుపు నుంచి మీ సీటు దాకా ఒకసారి చూసినాడు. 'క్లాసు గూడా ఇంతే పొడుగుంటాది గదా' అనె. అంతే. ఎవురూ చెప్పగూడదని మా అందరి దగ్గర మాట తీసుకునె. ప్రశ్నలు మాత్రం నిజమైనవేనమ్మా. ఆ పిచ్చి ఆయప్పకు పుట్టుకతో ఉన్నదే."

నాగజ్యోతి పూలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. గబ్బిలాన్ని, సాలీడును, జలుబు చేసిన పులిని, అన్నింటినీ ఒకసారి తలుచుకుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తే నవ్వునే ముందు రానిచ్చింది.

మర్నాడు పొద్దున బస్సు కిక్కిరిసి ఉంది. ఇంజను హోరెత్తుతోంది. నాగజ్యోతి ముందు సీట్లో కిటికీ వైపు తిరిగి, వెనక్కి చూడకుండా, తన పాత గొంతుతో, పెదవులు కదిలీ కదలనట్టు అంది.

"జకరయ్యన్నా, మీ చెవులు బాగానే ఉన్నాయంట గదా."

"ఎవురు చెప్పినారు మేడమ్?" వెనక తలుపు దగ్గర్నుంచి ఠక్కున వచ్చింది.

బస్సంతా ఒక్కసారి గొల్లుమంది. గఫూర్ స్టీరింగు మీద చరిచాడు. జకరయ్య నాలుక కరుచుకుని, తలొంచుకుని టికెట్లు కొట్టడంలో మునిగిపోయాడు. అంతకు ముందెన్నడూ లేని విధంగా మెట్ట దాకా ఎవరినీ ఏమీ అడగలేదు. మెట్ట దాటాక మాత్రం ఇంక ఆపుకోలేకపోయాడు.

"మేడమ్! సిగ్గేస్తే మనిషి మొహం ఎర్రబడతాది గదా. ఇంకే జీవికన్నా ఇట్లయితాదా?"

నాగజ్యోతి లేచి నిలబడింది.

"లేదన్నా! మనిషి ఒక్కడికే!"

"ఇనపడిందమ్మా" అని మొదటిసారికే ఒప్పుకున్నాడు జకరయ్య.