జల్‌పల్లి చేలో టేపు పరిచిన రోజు

వ్యవసాయ డిగ్రీ మూడో ఏడాదిలో, ఒక రైతు చేనుకు వెళ్లి పంటల తీరు చూసి రమ్మని మాకు పని ఇచ్చారు. డెబ్బయ్యో దశకం చివరి మాట. మాది పట్నంలో లాల్‌దర్వాజా, అప్పటిదాకా నాకు తెలిసిన పొలం కాలేజీ మడులే. పట్నం శివార్లలోని జల్‌పల్లి వైపు జొన్నలో కంది కలిపి వేస్తారని విని, శాలిబండలో ఉండే నా క్లాస్‌మేట్ సుగుణతో బయలుదేరాను. పొద్దున ఏడింటికి బస్సెక్కి చాంద్రాయణగుట్టలో దిగాం. అక్కడి నుంచి రిక్షాకు రెండు రూపాయలు. తారు రోడ్డు అయిపోగానే రిక్షా అతను ఆపేశాడు. “అవుతల జమీన్ లొల్లి నడుస్తున్నది బేటీ. జల్ది వాపస్ రాండ్రి” అన్నాడు. ఆ భూమి గొడవతో మాకేం పని అనుకున్నాం.

చేలో ఎవరూ కనబడలేదు. సాళ్ల మధ్య దూరం కొలుద్దామని సంచిలోంచి టేపు తీసి పరిచామో లేదో, గట్టు అవతలి నుంచి ఒకాయన పరుగున వచ్చి దాన్ని లాక్కున్నాడు. చేను ఆయనదే, పేరు మల్లయ్య. వెనకే ఆయన భార్య, పక్క చేలవాళ్లు కొడవళ్లతో వచ్చి మా చుట్టూ నిలబడ్డారు.

“ఎవలు పంపిన్రు మిమ్ముల?” అన్నాడు మల్లయ్య.

చదువుకునేవాళ్లమని చెప్పాను.

“పోయిన నెల ఎవలో గిట్లనే టేపు వట్టుకొని వచ్చిన్రు. తెల్లారి మా భూమి వాళ్లదని హద్దురాళ్లు పాతిన్రు. ఇప్పుడు ఆడివిల్లల తోలిన్రా?”

సుగుణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పరుగెత్తితే వాళ్ల అనుమానమే నిజమవుతుందని కదల్లేదు.

మల్లయ్య భార్య ఖుర్పీ నా ముందు పడేసి, పంట చదువే అయితే ఆ సాలు కలుపు తీయమంది. కూర్చున్నాను. ఒకచోట గడ్డి వేళ్లూ కంది వేళ్లూ పెనవేసుకుని ఉన్నాయి. ఖుర్పీ పక్కన పెట్టి, కంది మొదలు ఒక చేత్తో అదిమి, గడ్డిని వేళ్లతో మెల్లగా లాగాను. మొక్క నిలిచింది. సాలు చివరిదాకా అలాగే తీశాను. అప్పుడు ఆమె, “గీ పిల్ల చేన్ల పనిజేసిందే. ఇచ్చెయ్యి” అంది. మల్లయ్య టేపు నా చేతికిచ్చాడు.

కొలిచినంతసేపూ ఆయన మా వెంటే నడిచాడు. మేం వెళ్లేముందు అడిగాడు: “మీ చదువుతోని పంట వెరుగుతదేమో బిడ్డా. భూమి మా చేతుల నిలవడ్తదా?”

నేను టేపు చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఉద్యోగమంతా పొలాల్లోనే గడిచింది. నేల, నీరు, విత్తనం గురించి ఎవరు ఏం అడిగినా ఏదో ఒకటి చెప్పగలిగాను. మల్లయ్య అడిగినదానికి మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. మీరెవరైనా పరిశీలనకు పొలాలకు వెళ్తుంటే, సంచి తెరవకముందే ఆ చేను మనిషిని వెతికి, వచ్చిన పని చెప్పండి. మనిషి దొరక్కపోతే ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి.