నల్లరాతి ఇంట్లో కరెంటు పట్టీలు

పోయిన నెల మా మనుమడు ఇంటికి కొత్త వైరింగు వేయిస్తానని భైంసా నుంచి ఇద్దరు పనివాళ్లను పిలుచుకొచ్చాడు. వాళ్లు కరెంటు తీగ పరిచిన పాత టేకు పట్టీలన్నీ గోడల నుంచి పీకి వాకిట్లో కుప్ప పోశారు. మగ్గం గదిలోకి వచ్చేసరికి వాళ్లలో పెద్దవాడు ఆగిపోయాడు. ఆ గదిలో ఇప్పుడు పాత సామాను తప్ప మనుషులు మసలరు కనుక, అక్కడి తీగ అట్లాగే ఉండిపోయింది. దాన్ని చేతిలో పట్టుకుని చూస్తూ, "అవ్వా, గీ తీగకు ఇన్ని అతుకులేంది? గింత కిందికి బల్బు ఎవడన్న ఏలాడదీస్తడా? మనిషి మూతికి తగుల్తది గద!" అన్నాడు. వెనకున్నవాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "తెంపెయ్యి బిడ్డా" అని చెప్పి వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. నాకు నా పేరు రాసుకునేంత వరకే అక్షరాలు వచ్చు. మనుమరాలు రాసిపెడతానన్నది కాబట్టి చెబుతున్నాను.

ఆ ఇల్లు మా ఆయన తాత కట్టింది. నల్లరాయి, మట్టి అడుసు, అంతే. గోడలు ఎంత మందమంటే, కిటికీ గూట్లో బొంత పరిచి నా పెద్దకొడుకును పడుకోబెట్టేదాన్ని, ఉయ్యాల అవసరం పడలేదు. మగ్గం గదికి చేటంత కిటికీ ఒక్కటే. నూలుకు తడిగాలి తగలాలి, ఎండ తగిలితే పోగు పెళుసెక్కి తెగుతుంది కాబట్టి నేతగాళ్లు గదులు అట్లాగే కట్టుకునేవాళ్లు. గంజి వాసన, తడిమట్టి వాసన, కిరసనాయిలు దీపం మసి వాసన మూడూ కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గదిలోకి పోవాలంటే ముక్కు మూసుకునేదాన్ని. తరువాత తరువాత పుట్టింటికి పోతే ఆ వాసన లేక నిద్ర పట్టేది కాదు. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడు, ఏం చెప్పాలి.

మా ఆయన నేతలో మంచి చెయ్యి. చీర అంచు నేస్తే చుట్టుపక్కల అడిగి తీసుకునేవాళ్లు. అట్లాంటి మనిషి నేసిన బట్టలో పోగులు తప్పడం మొదలైంది. నూలు ఇచ్చే షావుకారు చీరను ఎండకు పట్టి చూసి, "ఏందయ్యా, పడుకొని నేస్తున్నవా?" అని నలుగురిలో అడిగాడు. ఇంకోసారి ఇట్లా తెస్తే నూలు ఇవ్వనని చెప్పాడు. నూలు లేకుంటే మగ్గం లేదు, మగ్గం లేకుంటే పొయ్యి మీదికి ఏమీ లేదు. మాకు గుంటెడు భూమి కూడా లేదాయె. ఆయన ఇంటికి వచ్చి గోడలను తిట్టాడు. "ఇది ఇల్లా, బొందనా? పట్టపగలు పోగు కనబడకపాయె" అన్నాడు. నేనూ తిట్టాను. మా అత్త కూడా, తన మామ కట్టిన ఇల్లని చూడకుండా తిట్టింది. వాకిట్లో ఎండలో ఆయన బాగానే నడిచేవాడు, పడుగును బాగానే సరిచేసేవాడు. లోపలికి వస్తేనే గడపకు తగిలేవాడు, చెంబును తన్నేవాడు. మరి తప్పు ఇంటిది కాక ఎవరిది?

అప్పటికి మా జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో కలిసి కొన్నేళ్లయింది. మా గల్లీ దాకా కరెంటు స్తంభాలు వచ్చాయి. నా తమ్ముడు కాగజ్‌నగర్‌లో ఉండి వైరింగు పని నేర్చుకున్నాడు. కబురు పెడితే ఉలి, సుత్తె, తీగచుట్ట, టేకు పట్టీల కట్ట మోసుకుని దిగాడు. గోడకు చిల్లి కొట్టి అందులో చెక్కముక్క దిగ్గొట్టాలి, చెక్కకు పట్టీ బిగించాలి, పట్టీ మీద తీగ పరవాలి. అదీ పని. మొదటి దెబ్బకే రాయి నిప్పురవ్వలు కక్కి ఉలి మొన వంగిపోయింది.

"బావా, మీ తాత ఇల్లు కట్టిండా, కిల్లా కట్టిండా?" అన్నాడు తమ్ముడు చెయ్యి విదిలిస్తూ.

"మా తాత దొంగలకు భయపడి కట్టిండు. బామ్మర్దులు గూడ వస్తరని ఎరుకైతే ఇంకో వరుస పేరుస్తుండె" అన్నాడు మా ఆయన.

"ఓ పిలగా, పిడుగును ఇంట్లకు తీగ కట్టి తెస్తున్నవ్, జర పైలం!" అని మా అత్త గడపలో కూర్చుని ఒకటే పోరు.

"పిడుగు గాదత్తా, నీ కొడుకుకు దీపం తెస్తున్న. సంధ్యపూట గింజలల్ల రాళ్లు ఏరుకోవచ్చు నువ్వు."

"నా పండ్లే లేవు, రాళ్లుంటే ఏంది, లేకుంటే ఏంది" అన్నది ఆమె.

రాయిని కొట్టలేక తమ్ముడు రాతికి రాతికి నడుమ అతుకుల్లో చెక్కముక్కలు దించాడు. మా రాళ్లేమో ఒకటి గుమ్మడికాయంత, ఒకటి దోసకాయంత. అతుకు ఎటు పోతే పట్టీ అటు పోయింది. పని చూడడానికి వచ్చిన మా ఆయన పట్టీ పొడుగునా వేళ్లు జరుపుకుంటూ పోయి, "గిది పట్టీనా, పాము పోయిన జాడనా? మగ్గం మీద గిట్ల పోగేస్తే నన్ను ఊర్ల ఉండనిస్తరా?" అని నవ్వాడు. చూసి చెప్పవలసింది తడిమి చెప్పాడని నాకు అప్పుడు తోచలేదు.

ముందు గది నుంచి మగ్గం గదిలోకి తీగ పోవాలంటే నడిమి గోడను తొలచాలి. పైకి అంత గట్టిగా కనబడే గోడ కడుపులో ఉన్నదంతా గులకరాళ్లు, ఎండిన మట్టి, ఎప్పటివో కుండ పెంకులు. తొలిచినకొద్దీ జలజల రాలుతూనే ఉన్నాయి. తట్టలతో ఎత్తి పోసి నా నడుము విరిగింది. ఇల్లు కూలుతుందని అత్త గుండెలు బాదుకుంది. చివరికి చిల్లి పడింది. తమ్ముడు ఇవతల నుంచి తీగ తోస్తూ, అందుకొమ్మని బావను అవతల నిలబెట్టాడు. నేను మట్టి తట్ట ఎత్తుకుని అటు పోయేసరికి తీగ చిల్లిలోంచి వచ్చి ఆయన రొమ్ముకు తగిలి చుట్టలు చుట్టుకుంటోంది. ఆయన మాత్రం చిల్లి వైపే మొహం పెట్టి, "ఏమైందిరా, నిద్రపోయినవా? తోలు జల్ది" అని అరుస్తున్నాడు. నేనే తట్ట దించి తీగ అందుకున్నాను. అప్పుడు కూడా గదినే తిట్టుకున్నాను, పాడు చీకటి అని.

స్తంభం నుంచి తీగ కలిపిన నాటి సాయంత్రం ఆయన తలస్నానం చేసి, మగ్గానికి దండం పెట్టి, దాని కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగి కూర్చున్నాడు. తమ్ముడు మీట నొక్కాడు. మా అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. దూలాల నిండా మసి, మూలల్లో బూజు, ఇన్నేళ్లూ నేను ఊడ్చానని అనుకున్న చోట ఊడ్వని దుమ్ము, అన్నీ ఒక్కసారి బయటపడితే నాకు సిగ్గేసింది. ఆయన తల ఎత్తి బల్బును చూశాడు. "ఆఁ, వచ్చిందిరా! అబ్బ!" అన్నాడు. ఆ మొహంలో అంత సంతోషం నేను మా పెళ్లిలో కూడా చూడలేదు. తరువాత మగ్గం వైపు వంగాడు.

"జర కిందికి దించు బామ్మర్దీ" అన్నాడు.

తమ్ముడు మీట ఆపి, తీగ ముక్క అతికి దించి, మళ్లీ వెలిగించాడు. "ఇంకా జర" అన్నాడు ఆయన. మళ్లీ అతికాడు. "ఇగ చాలా బావా? కోడిని పొదుగ పెడ్తవా ఏంది దీనికింద?" అని నవ్వబోయాడు తమ్ముడు. ఆయన నవ్వలేదు. "దించురా, జర దించు" అన్నాడు. బల్బు చివరికి ఆయన చెంప దగ్గరికి వచ్చింది. వెంట్రుకలు వేడికి కమురు వాసన వేశాయి. బట్ట మీద తెగిన పోగు ఒకటి గడప దగ్గరున్న నాకు కూడా కనబడుతోంది. ఆయన వేలు దాని పక్కనే వెతుకుతోంది. తమ్ముడు తీగ పట్టుకుని నిలబడిపోయాడు.

"చాలు బామ్మర్దీ" అన్నాడు ఆయన, బల్బును చేత్తో పక్కకు నెట్టి. "ఇంటిది తప్పు లేదు."

తరువాత నిజామాబాదులో డాక్టరు చూసి, కంటి వెనక నరం ఎండిపోతున్నదనీ, మందు లేదనీ చెప్పాడు. చెప్పకున్నా మాకు ఆ సాయంత్రమే తెలిసింది. షావుకారు నూలు ఆపకముందే ఏదో ఒకటి చెయ్యాలి. మాలో ఆడవాళ్లు రాట్నం మీద నూలు కండెలు చుడతారు, మగవాళ్లు మగ్గం మీద కూర్చుంటారు. ఇది తప్పి నడిచిన ఇల్లు మా గల్లీలో లేదు. మగ్గం మీద నేను కూర్చుంటానన్న మాట ఎట్లా ఎత్తాలా అని కుములుతుంటే, మా అత్తే ఒక పొద్దున రాట్నాన్ని తెచ్చి కొడుకు ముందు పెట్టింది. "నువ్వు చుట్టు కొడుకా. అది గుంటల దిగుతది" అని, నన్ను చూసి, "నిలబడి చూస్తవేందే, దిగు!" అన్నది. ఆయన తల వంచుకుని రాట్నం తడుముకున్నాడు. నేను దిగాను. గుంటలో ఆయన కాళ్లు పెట్టే చోట కట్టె అరిగి నున్నగా, చల్లగా ఉంది.

మగ్గం ఎట్లా ఆడించాలో ఆయన పక్కన కూర్చుని చప్పుడును బట్టి నేర్పాడు. "గట్టిగ కొట్టినవ్, పేక బిగుసుకున్నది" అనేవాడు, చూడకుండానే. వాకిట్లోంచి పోయేవాళ్లు, "ఏమయ్యా, కండెలు మంచిగ చుడుతున్నవా?" అని ఎగతాళి చేస్తే, "మీ ఇంటామె కన్న మంచిగనే" అనేవాడు. తరువాతి ఎండాకాలానికి వాకిట్లో ఎండ కూడా ఆయనకు ఆసరా కాలేదు. అన్నం తినేటప్పుడు కంచం అంచు మీద వేలు పెట్టుకుని కూర్చునేవాడు. నేను నేసిన చీరలు ఆయన అంచుల్లా ఎన్నడూ రాలేదు. అయినా బతికాము, పిల్లలు పెరిగారు. ఆయన పోయి కూడా చాలా కాలమైంది.

చీకటి గోడలదేనని నమ్మి, ముగ్గురం కలిసి పొద్దస్తమానం ఇంటిని తిట్టుకున్న ఆ రోజులే మా సంసారంలో మంచి రోజులని, అవి దాటి వచ్చాక గానీ కాలం మాకు చెప్పలేదు.